గోడవైపు తిరిగిన పునీతుడు

జుల్మీరా మరిగే నీళ్ళు గుడ్డ ఫిల్టరులో పోసింది. కారిన మొదటి కాఫీ, ఎప్పటిలాగే, అరలోని బెనెదీతు పునీతుడిది. నల్లని మట్టిబొమ్మ, వంటవాళ్ళ దేవుడు. ఆయన ముందు చిన్న కప్పు పెడితే తిండికి లోటుండదని మా సావోపౌలోలో ఎవరినడిగినా చెబుతారు.

ఆకాశాన్నంటే ఈ పాత ఆఫీసు భవనంలో ఒకప్పుడు ఆమె కాఫీ బండి వెళ్ళని గది లేదు. ఇప్పుడు లోపలంతా పగలగొట్టి అపార్టుమెంట్లు చేస్తున్నారు. కూలీలకు ఆమె కాఫీ పట్టదు, డబ్బాల్లో కూల్‌డ్రింకులు తాగుతారు, ఖర్మ! పాత అద్దెదారుల్లో మిగిలింది ఎవెరాల్దు గారొక్కరే. లాయరు, మా దగ్గర లాయర్లనీ డాక్టరుగారనే పిలుస్తారు. ఆయన ఖాళీ చేసిన రోజున ఆమె పనీ పోతుంది.

నిన్న భవనం మేనేజరు నివాల్దు ఆమె కాఫీగది గుమ్మంలో నిలబడి గొణిగాడు. "కూతురింట్లో ఆయనకి గది సిద్ధంగా ఉంది. నువ్వు రోడ్డున పడతావని కదలడం లేదు. ఈ దుమ్ములో ఎన్నాళ్ళు బతుకుతాడమ్మా?"

ట్రే ఎత్తేముందు జుల్మీరా పునీతుణ్ణి గోడవైపు తిప్పింది. అబద్ధం ఆడబోయేటప్పుడు ఆయన చూడకూడదని తల్లి నేర్పిన పద్ధతి.

"కాసేపు చెవులు మూసుకో సామీ," అంది.

పదిహేడో అంతస్తులో గోడలన్నీ పోయి ఆయన గదొక్కటే నిలిచింది. ఎవెరాల్దు టై కట్టుకుని, నోటికి రుమాలు అడ్డం పెట్టుకుని దగ్గుతున్నాడు.

"కాఫీ పల్చగా ఉందేంటి జుల్మీరమ్మా?"

"మీ నోరు పాడైంది గానీ నా కాఫీ కాదు. డాక్టరుగారూ, నాకు వేరేచోట పని దొరికింది. సోమవారం నుంచే రమ్మన్నారు."

ఆయన కప్పు దించి ఆమె మొహంలోకి చూశాడు. తర్వాత బరువు దిగినట్టు నవ్వాడు.

"ముందే చెప్పొద్దూ మహాతల్లీ! నీ మూలానే ఈ సుత్తుల మోతలో పడున్నా. ఎక్కడ పని?"

ఈ ప్రశ్న ఆమె అనుకోలేదు. "పెద్ద పోస్టాఫీసు ఎదురు భవనం. తొమ్మిదో అంతస్తు."

"అయితే ప్రతి మంగళవారం కాఫీకి అక్కడికే వస్తా. పల్చగా ఇచ్చావో, ఊరుకోను!"

"రండి," అంది. కళ్ళు తుడుచుకుంది. దుమ్మని చెప్పింది.

మధ్యాహ్నం కూతురొచ్చి తీసుకెళ్ళింది. లిఫ్టు తలుపు మూసుకునేదాకా ఆయన టోపీ ఊపుతూనే ఉన్నాడు.

జుల్మీరా గిన్నెలు కడిగింది, ఫిల్టరు గుడ్డ ఆరేసింది, సంచీ సర్దుకుంది. మంగళవారం తొమ్మిదో అంతస్తులో తలుపు తలుపూ తట్టి, "జుల్మీరమ్మ ఏదీ?" అని అడిగే ముసలాయన కళ్ళముందు మెదిలాడు. ఇక ఆపుకోలేక ఏడ్చింది. ఓదార్చడానికి ఏ అంతస్తులోనూ తనవాళ్ళంటూ లేరు.

పునీతుణ్ణి వెంట తీసుకెళ్దామని చెయ్యి చాపింది. ఇటు తిప్పి ఆయన మొహం చూసే ధైర్యం చాల్లేదు. లైటు ఆర్పి వెళ్ళిపోయింది.

అరలో గోడకేసి చూస్తూ మట్టిబొమ్మ, దాని వీపు వెనక చిన్న కప్పు నిండా చల్లారిన కాఫీ.