ఐదో కాగితం

పొద్దుటి రోగుల రద్దీ తగ్గాక, క్లినిక్ వెనక గదిలో బరువు తూచే మిషను పక్కకు జరిపి, మరిది వదిన ముందు బల్ల మీద ఒక అట్ట పెట్టాడు. సెల్‌ఫోను కొలతకు కత్తిరించి, మధ్యలో కిటికీలా కోసిన అట్ట. దాని వెనక కాగితం మారిస్తే తెర మారినట్టు.

"యాప్ తయారు చేసే ముందు ఇలా కాగితాల మీద పరీక్షిస్తాం వదినా. వాళ్ళు ఎక్కడ వేలు పెడితే దానికి తగ్గ కాగితం నువ్వు మార్చాలి. అంటే నువ్వే కంప్యూటరువి."

"ఇన్నాళ్ళకి నాకు ప్రమోషన్ వచ్చిందన్నమాట."

"ఒకటే షరతు. కంప్యూటరు మాట్లాడకూడదు."

"అయితే మీ అన్నయ్యని కూచోబెట్టాల్సింది. ఇంట్లో ఆయనకి అలవాటేగా."

మరిది పడీ పడీ నవ్వాడు.

పంతొమ్మిదేళ్ళుగా ఆ క్లినిక్ కౌంటరు ఆమెది. ఎవరికి ఏ వేళ కుదురుతుందో, సూది చూస్తే ఎవరు కళ్ళు తిరిగి పడతారో ఆమెకు కంఠతా వచ్చు. డాక్టరుగారు యాప్ చేయిస్తారని తెలిసి, ఆ పని మరిదికి ఇప్పించిందీ ఆమే. అప్పుడే సూటిగా అడిగింది: "ఇది వస్తే నా కుర్చీ ఉంటుందా, ఊడుతుందా? ఉన్నమాట చెప్పు."

"నువ్వు లేకపోతే ఈ క్లినిక్ ఎక్కడిది వదినా!" అన్నాడతను. ఆ వారమంతా వంటింటి గుమ్మంలో కూచుని, కూరలు తరుగుతూ ఆమె చెప్పిందల్లా నోటుపుస్తకంలోకి ఎక్కించుకున్నాడు.

మొదట షుగరు మామ్మను పిలిచారు. నెలనెలా రక్తపరీక్షకు వచ్చే ఆవిడకు క్లినిక్‌లో అదే పేరు స్థిరపడిపోయింది.

"ఇదేం ఫోనమ్మా? ఛార్జింగు ఖర్చు లేదు కాబోలు," అంటూ వేలు పెట్టింది మామ్మ.

వదిన ఒక్కో కాగితమే మార్చింది. ఏ డాక్టరు, ఏ రోజు, ఎన్ని గంటలకు. నాలుగో కాగితం మీద, 'పరగడుపునే రండి. వాడే మాత్రల చీటీ మరిచిపోకండి' అని ఉంది.

"అచ్చం నువ్వు చెప్పినట్టే ఉందే!" అంది మామ్మ. వదినకు లోలోపల గర్వంగానే అనిపించింది.

ఆ కాగితం అడుగున ఇంకో బటన్ గీసి ఉంది: 'మనిషితో మాట్లాడాలి'.

"నాకివన్నీ ఎందుకు, నీతో మాట్లాడితే పోలా?" అని మామ్మ దాని మీద వేలు పెట్టింది.

వదిన కట్టలోంచి, అప్పటిదాకా తను చూడని ఐదో కాగితం తీసింది. మిగతా వాటికన్నా చిన్నవి, గుండ్రటి అక్షరాలు. పెళ్ళయి వచ్చిన కొత్తల్లో, మూడో తరగతి చదివే మరిదిని పక్కన కూచోబెట్టుకుని ఆమె దిద్దించిన అక్షరాలే. 'ఒకటో తారీఖు నుంచి క్లినిక్‌లో కౌంటరు ఉండదు. ఏ సందేహమైనా యాప్‌లోనే అడగండి.'

ఆమె చెయ్యి అట్ట దగ్గర ఆగిపోయింది. మరిది తలెత్తలేదు. కాసేపటికి ఆమె కాగితం పెట్టింది.

మామ్మ కళ్ళు చికిలించింది. "కనబడి చావట్లేదు. కాస్త చదివి పెట్టు తల్లీ."

వదిన మరిది వైపు చూసింది. "కంప్యూటరు చదవొచ్చా?"

ఆమే చదివింది, రోజూ పేషెంట్లకు చెప్పే గొంతుతోనే, మాట మాటకీ ఆగి.

"అదేంటి? మరి నువ్వెక్కడుంటావు?" అంది మామ్మ.

"ఇంట్లో ఉంటాను మామ్మగారూ."

ఆవిడ గొణుక్కుంటూ వెళ్ళిపోయాక మరిది గొంతు సవరించుకున్నాడు. "డాక్టరుగారు మొన్ననే తేల్చేశారు వదినా. ఆ బటన్ ఎవరూ నొక్కరులే అనుకున్నా."

"నాకెప్పుడు చెబుదామనుకున్నావు?"

"పరీక్షలన్నీ అయ్యాక. మధ్యలో చెబితే నువ్వు..."

"కంప్యూటరు మొరాయిస్తుందనా?"

అతను నోటుపుస్తకం మూశాడు. "ఇవాళ్టికి ఆపేద్దామా?"

"బయట ఇంకా నలుగురు కూచున్నారు. పొద్దున్నే రమ్మని ఫోన్లు చేసి పిలిచింది నేను." ఆమె ఐదో కాగితాన్ని అతని ముందుకు తోసింది. "అక్షరాలు చిన్నవయ్యాయి. ముసలివాళ్ళకి కనబడొద్దూ? మళ్ళీ రాయి."

అతను కొత్త కాగితం తీసుకుని రాయడం మొదలుపెట్టాడు. వరస వంకర పోకుండా, చిన్నప్పటి మాదిరిగానే ఆమె పక్కన కూచుని చూసింది.