మోకాళ్ల బల్ల

యాలాల్ బడిలో ఆదివారం ఉచిత వైద్యం చేసేది కాలేజీల్లో వైద్యం చదువుకునే పిల్లలే. డాక్టరు కాబోయే రుచితది మొదటి బల్ల. పక్కది ఫిజియోథెరపీ చదివే మల్లికది, నొప్పులకు వ్యాయామాలు నేర్పుతుంది. చివర్లో మందులిచ్చేది ఫార్మసీ చదివే సుశాంత్. ముగ్గురికీ మంచి స్నేహమే, కాకపోతే ఎవరి బల్ల వాళ్లది.

గొర్లు కాసే ఈరయ్య బీపీ ఒక్కటే రుచితకు లొంగడం లేదు. రెండుసార్లు మందు మోతాదు పెంచినా దిగలేదు. ముసలాయన మందులు మింగడం లేదని తేల్చేసుకుని, పోయిన వారం "ఏసుకోకుంటే ఇంక రాకు తాతా" అని కసిరింది. అన్నాక తనకే మనసు పీకింది. కానీ మాట వెనక్కి తీసుకుంటే తనేం డాక్టరమ్మ!

అయినా ఈరయ్య వచ్చాడు. బీపీ అట్లాగే ఉంది. మళ్లీ మోతాదు పెంచితే గుట్ట మీద కళ్లు తిరిగి పడతాడని భయం, పెంచకపోతే పక్షవాతం వస్తుందని భయం. రుచిత వెళ్లి, వాళ్ల పని చూసుకునే పెద్ద డాక్టరును అడిగింది. ఆవిడ జవాబివ్వకుండా బల్లలన్నీ గోడకు జరిపించి, ముగ్గురినీ ఈరయ్య చుట్టూ కూర్చోమంది.

ఒళ్లో రుమాలు మూట పెట్టుకున్న ఈరయ్య బెదిరిపోయాడు. "ఏంది బిడ్డా, గంత పెద్ద రోగమా?"

"కాదు తాతా. గోళీలు ఏసుకుంటున్నవా?" అంది రుచిత.

"ఏసుకుంటున్న" అంటూ అతను మూట ముడి మీద చెయ్యి వేశాడు. రుచిత అప్పటికే మొహం తిప్పుకుంది.

"మోకాళ్లు ఎట్లున్నయ్ తాతా?" అని మల్లిక అందుకుంది.

"గా గోళీ ఏస్తే మంచిగుంటయ్. పొద్దున, మాపున ఏస్తున్న. లేకుంటే గొర్ల ఎంబడి ఎట్ల తిరుగుత?"

"ఏం గోళీ?" సుశాంత్ ఉలిక్కిపడ్డాడు. "నొప్పుల గోళీ నేనియ్యలే!"

"దుకాణంల కొన్న."

మల్లిక సుశాంత్ వైపు తిరిగింది. "నాకు ముందే చెప్పిండు. నువ్విచ్చినవేమో అనుకున్న."

"రోజూ గవి ఏస్తే బీపీ యాడ దిగుతది?" అన్నాడు సుశాంత్.

"మరి నాకెందుకు చెప్పలే తాతా?" అంది రుచిత.

"నీది బీపీ బల్లనాయె. మోకాళ్ల సంగతి మోకాళ్ల బల్ల కాడ చెప్పిన."

ఈసారి బీపీ మందు మోతాదు పెంచలేదు. దుకాణం గోళీ మానాలని, అది కిడ్నీలను దెబ్బతీసిందేమో చూడ్డానికి రక్తపరీక్ష చేయించాలని, మోకాళ్లకు మల్లిక కాపడం పెట్టి వ్యాయామం చేయించాలని ముగ్గురూ కలిసి అనుకున్నారు. పెద్ద డాక్టరు సరేనంది.

ఈరయ్య లేవబోతూ మూట విప్పాడు. అందులో నిండా, గోళీలు అయిపోయిన బీపీ మందు అట్టలు.

"మరి గివి పారేయనా బిడ్డా? నువ్వు నమ్మవని తెచ్చిన."

రుచిత సిగ్గుపడుతూ రెండు చేతులా ఆ మూట అందుకుంది.

"మళ్లీ ఐతారం తప్పకుండ రా తాతా" అంది.