అవతలి జట్టు గోల్ కొట్టిన రోజు

మ్యాచ్ ఉన్న రోజున కళ్లజోళ్లాయన పన్నెండింటికే కొట్టు కట్టేస్తాడు. ఆ తర్వాత వచ్చినవాడికి ఎదుటి మనిషి కంటికి ఆనకపోయినా సరే, మర్నాడు రమ్మంటాడు. కొట్టు వెనకే ఇల్లు. రెంటికీ మధ్యనున్న చిన్న గదిలో అద్దాలు అరగదీసే మిషనూ, దాని ముందు ఆయన కూతురూ ఉంటారు. గుండ్రంగా వచ్చిన అద్దాన్ని ఫ్రేము ఆకారానికి అరగదియ్యడం ఆమె పని. వెంట్రుకవాసి ఎక్కువ అరిగినా అద్దం ఫ్రేములో నిలవదు. తొమ్మిదేళ్లలో మా అమ్మాయి చేతిలో ఒక్క అద్దం పాడవలేదని ఆయన వచ్చిన వాళ్లందరికీ చెబుతాడు, ఆ అమ్మాయికి తప్ప. వీధిలో అందరికీ ఆమె అద్దాలమ్మాయి.

ఆ ఊళ్లో మనసారా సంతోషించినవాళ్ల పాదాలు నేలను వదిలేస్తాయి. చిన్న సంతోషానికి అంగుళం, పెద్దదైతే జానెడు. బడి వదిలే వేళకి పిల్లల బూట్లకి దుమ్మే అంటదు. ఫ్యాన్లు కాస్త ఎత్తున బిగించుకోవడం తప్పిస్తే జనానికి దీనివల్ల వచ్చిన ఇబ్బందేమీ లేదు. కాకపోతే పైపై మాటలు చెల్లవు. "మీరు రావడం చాలా సంతోషం" అని ఎవరైనా అంటే, వచ్చినవాళ్లు ముందు వాళ్ల కాళ్లకేసి చూస్తారు.

మనవాళ్లు గోల్ కొడితే వీధి వీధంతా గాల్లోకి లేస్తుంది. ఆ హడావిడిలో అద్దాలమ్మాయి పాదాలు నేలమీదే ఉన్నాయని ఎవరూ గమనించరు. చిక్కల్లా అవతలివాళ్లు గోల్ కొట్టినప్పుడే. అందరి కాళ్లూ నేలకి అతుక్కుపోయి ఉంటే ఆమె ఒక్కతే లేస్తుంది. అందుకని మ్యాచ్ రోజున వాళ్లమ్మ పాతకాలపు బొగ్గుల ఇస్త్రీపెట్టె తెచ్చి కూతురి ఒళ్లో పెడుతుంది. ఎందుకని కూతురూ అడగదు, ఇదీ సంగతని తల్లీ చెప్పదు.

ఆమెకి ఆటంటే కోపం లేదు, దేశమంటే అసలే లేదు. వచ్చిన చిక్కంతా నాన్నతోనే. జట్టు గెలిస్తే ఆయన్ని పట్టలేం. ఉప్పు డబ్బా గోల్ కీపరవుతుంది, చెంచాలు డిఫెండర్లవుతాయి, ఆ ఒక్క గోలూ వారం రోజులు భోజనాల బల్లమీద పడుతూనే ఉంటుంది. ఎదురుగా కూతురు కూర్చుందో గోడ కూర్చుందో ఆయనకి పట్టదు. అదే ఓడిపోయారనుకోండి, మెల్లగా ఆమె గదిలోకి వచ్చి స్టూలు లాక్కుని కూర్చుంటాడు. ఏం చేస్తున్నావమ్మా అని అడుగుతాడు. తనే నేర్పిన పనిని కూతురి నోట మొదటిసారి వింటున్నట్టు వింటాడు. ఆమె పన్నెండో ఏట ఒక నిర్ణయానికి వచ్చేసింది. మనవాళ్లు ఓడాలి. అప్పట్నించీ ఏ దేశంతో ఆడితే ఆ దేశానికే నిండు మనసుతో మద్దతిస్తోంది. తప్పు చేస్తున్నానని ఒక్కనాడూ అనుకోలేదు.

కానీ ఆ రోజు మ్యాచ్ వేరు. పొరుగూరి కంటి ఆసుపత్రిలో కృత్రిమ కళ్లు తయారుచేసే విభాగం ఉంది. ఆమె రంగులద్ది పంపిన రెండు కనుపాపలు చూసి, సోమవారం నుంచి అక్కడే ఉండి పని చెయ్యడానికి రమ్మన్నారు. ఆ సాయంత్రం ఐదింటిలోగా ఫోన్ చేసి వస్తుందో రాదో చెప్పాలి. నాన్నతో ఇప్పటికి రెండుసార్లు కదిపింది. మన జట్టుకి ఎక్కడలేని అదృష్టమూ రెండు నెలలుగా పట్టి కూర్చుంది. మొదటిసారి ఆయన చూద్దాంలే అని కార్నర్ కిక్ గురించి ఎత్తుకున్నాడు. రెండోసారి, నువ్వెళితే నా అద్దాలెవరు అరగదీస్తారని నవ్వేశాడు. ఆయన మనసారా పంపకుండా గడప దాటడం ఆమె వల్ల కాదు, ఆ కళ్ల పని వదులుకోవడమూ ఆమె వల్ల కాదు. కాబట్టి మనవాళ్లు ఓడి తీరాలి.

మ్యాచ్ రెండూ ముప్పావుకి మొదలైంది. పక్క కొట్టు మంగలి కూడా చూడ్డానికి వచ్చి కూర్చున్నాడు. చాలాసేపు ఎటూ తేలలేదు. డెబ్భై మూడో నిమిషంలో అవతలి జట్టులోని పొట్టి కుర్రాడు మనవాళ్లని ముగ్గుర్ని తప్పించుకుని గోల్ కొట్టేశాడు. అద్దాలమ్మాయి ఇస్త్రీపెట్టెతో సహా కుర్చీలోంచి లేచింది. జానెడు దాటింది, మూరెడు దాటింది. పెట్టె ఒళ్లోంచి జారి నేల మీద పడి, అక్కడి నాపరాయి పలక ఒకటి పగిలింది.

అందరూ తలెత్తి చూశారు. మంగలి ఆమెకేసీ, ఆమె తండ్రికేసీ చూసి, కొట్టు తెరిచిపెట్టి వచ్చానని గుర్తొచ్చి వెళ్లిపోయాడు. తల్లి పగిలిన ముక్కలు ఏరుకుని వంటగదిలోకి నడిచింది. కళ్లజోళ్లాయన టీవీ గొంతు నొక్కేశాడు.

"ఎప్పట్నించి?" అన్నాడు.

"పన్నెండో ఏట నుంచి నాన్నా."

"నేనేం అన్యాయం చేశానమ్మా?"

"ఓడిన రోజే నువ్వు నా దగ్గర కూర్చుంటావు. గెలిచిన రోజు నీకు నేను కనబడను."

ఆయన కళ్లజోడు తీసి తుడుచుకుని, మళ్లీ పెట్టుకుని ఆమెని చూశాడు.

"ఓడిన రోజు నీ దగ్గరికెందుకు వచ్చేవాణ్ణో తెలుసా? ఎవరి మొహం చూసినా మాడిపోయి ఉండేది. నీ మొహం ఒక్కటే వెలుగుతూ ఉండేది. నాన్న కుంగిపోకూడదని నవ్వు తెచ్చిపెట్టుకుంటోంది పిచ్చిపిల్ల, అనుకునేవాణ్ణి. ఆ మొహం కోసమే వచ్చేవాణ్ణి."

అద్దాలమ్మాయి పాదాలు మెల్లగా నేలకి ఆనాయి. ఇన్నేళ్లూ ఆయన్ని తన గదిలోకి తెచ్చింది జట్టు ఓటమే అనుకుంది. తెచ్చింది తన మొహమట. ఆమెకి నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. ఏ దేశం ఓడితే తనకేం, గెలిస్తే తనకేం?

"ఐదింటిలోగా ఫోన్ చెయ్యాలి నాన్నా," అంది. "నేను వెళ్తాను. నువ్వు మనసారా పంపించాలి."

"ముందు ఆ పనేమిటో చెప్పు," అని ఆయన కుర్చీ ఆమెవైపు తిప్పుకున్నాడు.

ఆమె చెప్పింది. మనిషిని వెలుతురులో కూర్చోబెట్టి, ఉన్న కంటిని చూస్తూ లేని కంటికి రంగు వేస్తారనీ, ఏ కనుపాపా ఒక్క రంగులో ఉండదనీ, దగ్గరికి వెళ్లి చూస్తే నల్లకళ్లలో కూడా తేనెరంగు గీతలుంటాయనీ చెప్పింది. వెనకాల టీవీలో మనవాళ్లు గోల్ కొట్టినట్టున్నారు, వీధి ఒక్కసారిగా హోరెత్తింది. కిటికీ బయట మంగలి, అతని ఖాతాదార్లూ గడ్డాలకి నురగతోనే గాల్లో తేలుతూ పోయారు. కళ్లజోళ్లాయన అటు తిరగలేదు.

"తెల్లగుడ్డులో సన్నటి ఎర్ర నరాలుంటాయి కదా. వాటిని దేంతో వేస్తారు?" అని అడిగాడు.

"పట్టుదారంతో. పోగులు విడదీసి, ఒక్కొక్కటీ అతికిస్తారు."

అక్కడ ఒకామె సంగతి కూడా చెప్పింది. ఫ్యాక్టరీలో కన్ను పోగొట్టుకుని రెండేళ్లు తల వంచుకునే తిరిగిందట. కొత్త కన్ను పెట్టిన రోజు తలెత్తి డాక్టరమ్మ మొహంలోకి చూసి, మీ పేరేమిటని అడిగిందట. రెండేళ్లుగా తనకి వైద్యం చేస్తున్న డాక్టరమ్మనే. ఆయన వింటూ వింటూ కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. వీధి మరోసారి హోరెత్తి, ఈసారి ఎంతకీ తగ్గలేదు.

తల్లి వంటగది గుమ్మంలోకి వచ్చి, భర్త కాళ్లకేసి చూసింది. అవి నేలకి జానెడున్నర పైన ఉన్నాయి.

"అయితే మనవాళ్లే గెలిచారన్నమాట," అంది.

కళ్లజోళ్లాయన కిందికి చూసుకున్నాడు. "ఏమో, నేను చూడలేదు. నాలుగూ ముప్పావైంది, నువ్వు వెళ్లి ఫోన్ చెయ్యి తల్లీ," అని కూతుర్ని పంపాడు.

సోమవారమే ప్రయాణమంటే బట్టల పెట్టె సర్దాలని, అది బీరువా మీద ఉందని, స్టూలు తెస్తాను ఉండండని భార్య చెబుతూనే ఉంది. ఆయన అప్పటికే చెయ్యి చాచి పెట్టె అందుకున్నాడు.