వెయిటింగ్ హాల్లో యాభై ఇంజన్లు

లేఆఫ్ అన్న మాటలోనే అంతా ఉంది. లే అన్నారు, లేచాను. ఆఫ్ అన్నారు, లాప్‌టాప్ ఆఫ్ చేసి ఇచ్చేశాను. దాంతోపాటు కంపెనీ సిమ్ము, మెళ్ళో కార్డు. పద్దెనిమిదేళ్ళు సాఫ్ట్‌వేర్‌లో తప్పులు పట్టే టెస్టరుగా పనిచేసిన చోటు నుంచి, మాదాపూర్‌లో ఆ అద్దాల భవనం నాలుగో అంతస్తు నుంచి, కిందికి దిగడానికి లిఫ్టుకి అరనిమిషం పట్టింది.

గేటు దగ్గర సెక్యూరిటీ బాలనర్సయ్య అలవాటుగా నమస్తే పెట్టాడు. నేనూ అలవాటుగానే ఓ మాట విసిరాను, ఉదయ్ భాస్కర్ కాస్తా ఊడయ్ భాస్కర్ అయ్యాడయ్యా అని. అతను నవ్వలేదు. నా బోసి మెడకేసి చూశాడు. నాకూ నవ్వు రాలేదు, ఏడుపూ రాలేదు. పళ్ళ డాక్టరు సూది వేశాక దవడ ఉందో ఊడిందో తెలీదు చూడండి, ఒళ్ళంతా అలా ఉంది.

ఇంటికెళ్ళేసరికి కనకలక్ష్మి ట్యూషన్ పిల్లలకి లెక్కలు దిద్దుతోంది. ఇంత తొందరగా వచ్చారేమిటి, రద్దీ లేదా అని అడిగింది. రద్దీ లేదు, నేనే రద్దు అన్నాను. పిల్లలు నవ్వారు, తనూ నవ్వి కాఫీ కలపడానికి లేచింది. ఉన్న నిజం ఉన్నట్టు చెప్పాను. ఇరవై రెండేళ్ళ కాపురంలో నా మాటల్లో ఏది మాటో ఏది ఆటో వెతకడం తను ఎప్పుడో మానేసింది. ఆ రాత్రి మళ్ళీ చెబుదామని నోరు తెరిస్తే మళ్ళీ జోకే వచ్చింది. మూడోసారి తెరవలేదు. జీతం ఇంకో రెండు నెలలు పడుతుంది కాబట్టి అడిగేవాళ్ళూ లేరు.

మర్నాడు పొద్దున ఎప్పటిలాగే లంచ్ బాక్సు పట్టుకుని హఫీజ్‌పేట్ స్టేషనుకొచ్చాను. తరవాతి స్టేషనే హైటెక్ సిటీ. లోకల్ వచ్చింది, ఆగింది, జనాన్ని మింగింది, వెళ్ళిపోయింది. నా కాళ్ళు కదల్లేదు. బెంచి మీద కూర్చున్నాను. ప్రాజెక్టు లేనివాణ్ణి మా కంపెనీల్లో బెంచి మీదున్నాడు అంటారు. పద్దెనిమిదేళ్ళూ ఆ బెంచిని తప్పించుకున్నాను. ఇదిగో, ఇదన్నమాట. సిమెంటుది. చల్లగా ఉంది.

ఆ రోజంతా అక్కడే. నా దగ్గరున్న పట్టా ఒక్కటే, బీటెక్‌ది. కళ్ళముందు బోలెడు పట్టాలు. ఓ గూడ్సు వచ్చి సిగ్నల్ కోసం ఆగింది. ఇంజను మీద ఐదంకెల నంబరుంది. కంప్యూటరు తప్పు చూపిస్తూ ఏ నంబరిచ్చినా వెంటనే అదేమిటో వెతకడం టెస్టరు జబ్బు. ఫోన్లో కొట్టాను. అది నన్ను తీసుకెళ్ళి ఓ చాట్‌రూములో పడేసింది.

రైలింజన్ల అభిమానులట. సినిమా హీరోలకున్నట్టే ఇంజన్లకీ అభిమానులుంటారని నాకు నలభై తొమ్మిదో ఏట తెలిసింది. వీళ్ళ హీరోల మీద పాలు పొయ్యడం మాత్రం కుదరదు, పైన కరెంటు తీగలు.

చేరడం ఎలాగో మెట్లు మెట్లుగా రాసి ఉంది. ముందు నియమాలకి ఒప్పుకోవాలి. తరవాత ఓ ఫారం, పేరు, ఇంటి స్టేషను, అడ్రసు, ఫోను, ఇంకో ఫోను. ఆ తరవాత కొత్తవాళ్ళని వెయిటింగ్ హాల్ అనే గదిలో కూర్చోబెడతారు. అక్కడ ముచ్చట్లు నిషేధం. కళ్ళారా చూసిన ఇంజను నంబరు, టైము, ఎటు వెళ్తోంది, ఈ మూడే రాయాలి. విడిగా ఇంజను లేని లోకల్ రైళ్ళు లెక్కలోకి రావు. రోజుకి మూడే ఒప్పుకుంటారు. అలా యాభై నిండితే మెయిన్ లైన్ అనే పెద్ద గదిలోకి రానిస్తారు. గుర్తుగా ఇత్తడి బిళ్ళ ఒకటి కొరియర్‌లో పంపుతారు.

ఫారం నింపాను. మనసు ఎక్కడో ఉన్నా వేళ్ళకి వాటి పని వచ్చు.

ఇంజనీరు కూర్చుని ఇంజన్లు లెక్కపెడుతున్నాడు అని వెయిటింగ్ హాల్లో ఓ వాక్యం వదిలాను. వెంటనే చెరిపేశారు. కొత్తవాళ్ళని చూసుకునే అమ్మాయి పేరు ప్రశాంతి, ఊరు కాజీపేట. అన్నా, ఇక్కడ నంబరొక్కటే రాయాలె, జోకులు మెయిన్ లైన్ల చెప్పుదువు గాని అని విడిగా రాసింది. నా జోకుని అలా తుడిచేసినవాళ్ళు అంతకుముందు లేరు. బాధపడదామని చూశాను, బాధ అందలేదు. రోజూ అదే బెంచి మీంచి నంబర్లే రాశాను. సికింద్రాబాద్ వైపు. వికారాబాద్ వైపు. వికారాబాద్ వైపు. నాకది హాయిగా ఉందని చెప్పను. ఏమీ లేదు, అంతే. మధ్యాహ్నం ఒంటిగంటకి బాక్సు తెరిచేవాణ్ణి. వంకాయ కూర ఉన్నరోజు వంకాయ కూర అని తెలిసేది, రుచి తెలిసేది కాదు.

నెలరోజులు పట్టింది యాభైకి. మెయిన్ లైన్ తలుపు తెరుచుకుంది. అక్కడ చివరి మెట్టొకటి. కొత్తగా వచ్చినవాళ్ళు ఒక్క వాక్యంలో తమ గురించి చెప్పుకోవాలి, పేరు, ఊరు, చేసే పని. అది రాసేదాకా గదిలో ఇంకో మాట పడదు. పేరు రాశాను. ఊరు రాశాను. అక్కడ ఆగిపోయాను. మీ పరిచయం ఇంకా పూర్తికాలేదు అని ఫోను రోజూ పొద్దున తొమ్మిదింటికి గుర్తుచేసేది. ప్రశాంతి కూడా ఓసారి అడిగింది, అన్నా, సోమవారం నుంచి శుక్రవారం దాకా పొద్దుందాక స్టేషన్లనే ఉంటున్నవ్, ఏం డ్యూటీ నీది అని. జవాబుగా ఓ గూడ్సు నంబరు పంపాను.

రెండు వారాలు గడిచాయి. ఓ మంగళవారం పదకొండు దాటాక నా సొంత ఫోను మోగింది. కనకలక్ష్మి.

మీ ఆఫీసు గేటు దగ్గర్నుంచి బాలనర్సయ్యట, ఫోన్ చేశాడు అంది. నా పేరు మీద పార్సిలొచ్చిందట. దానిమీద ఉన్న నా నంబరు పనిచెయ్యట్లేదట. రెండో నంబరు తనది కాబట్టి తనకి చేశాడట.

అప్పుడు తెలిసింది ఫారంలో ఏం రాశానో. మా ఐటీ కంపెనీల వీధుల్లో ఏ కొరియరైనా ఆఫీసుకే తెప్పించుకుంటాం, పగలు ఇళ్ళల్లో మనుషులుండరని. ఆ అలవాటుతో నా వేళ్ళు మాదాపూర్ అడ్రసు కొట్టేశాయి, టవరు, అంతస్తు, చివరికి నా సీటు నంబరుతో సహా. ఎప్పుడో తిరిగిచ్చేసిన కంపెనీ సిమ్ము నంబరుతో సహా. పద్దెనిమిదేళ్ళు ఇంకొకళ్ళ తప్పులు పట్టినవాణ్ణి.

"మీరెక్కడున్నారు?" అంది.

"పనిలో."

ఎదురుగా వికారాబాద్ వైపు ఓ ఎక్స్‌ప్రెస్ వెళ్తోంది. ఆ చప్పుడు తనకీ వినపడే ఉంటుంది. అది పూర్తిగా పోయేదాకా ఆగింది.

"సరే. నేనే వెళ్ళి తెచ్చుకుంటాను. పదకొండున్నర లోకల్‌కి."

పెట్టేసింది. ఈ ఊళ్ళో పద్దెనిమిదేళ్ళుగా ఉంటూ తను లోకలెక్కిన రోజు లేదు, ఎక్కడికైనా ఆటోయే. ఇంటినుంచి స్టేషనుకి నడిస్తే పది నిమిషాలు.

బాగు భుజానికేసుకుని లేచాను. బ్రిడ్జి ఎక్కి అవతలి వైపు దిగిపోతే చాలు, తను ఇటునుంచి వచ్చి ఇటునుంచే రైలెక్కిపోతుంది. సాయంత్రం నేను ఇంకో అబద్ధం ఆలోచించుకోవచ్చు. సగం బ్రిడ్జి దాకా వెళ్ళాను. అక్కడ ఆగి ఫోను చూశాను, ఎందుకో మరి, నంబరు రాయడానికేమో. మీ పరిచయం ఇంకా పూర్తికాలేదు అని ఉంది. పేరు, ఊరు, ఆ తరవాత ఖాళీ. అందులో రాశాను: నెలన్నర క్రితం వరకు సాఫ్ట్‌వేర్ టెస్టర్, ఇప్పుడు ఉద్యోగం లేదు, ఇంట్లో ఇంకా చెప్పలేదు. పంపించాను. ఇందులో జోకేముందా అని నేనే వెతుక్కున్నాను. లేదు.

ప్రశాంతి నుంచి జవాబు వెంటనే వచ్చింది. "మెయిన్ లైన్లకు రా అన్నా. ముందుగాల వదినకు చెప్పు."

మెట్లు దిగి వచ్చి బెంచి మీద కూర్చున్నాను.

కనకలక్ష్మి ఇంట్లో కట్టుకునే చీరలోనే వచ్చింది. చేతిలో టికెట్టు. నన్ను చూసి ఆగలేదు, ఆశ్చర్యపోలేదు. వచ్చి పక్కన కూర్చుంది, మధ్యలో లంచ్ బాక్సు.

"మీటింగులో ఉన్నారా?"

"ఉద్యోగం పోయింది లక్ష్మీ."

"తెలుసు. ఇరవై నిమిషాలైంది తెలిసి." టికెట్టుని మడతపెట్టింది, విప్పింది. "సారు పోయి నెలన్నరాయె గదమ్మా, మీకు ఎరుక లేదా అన్నాడతను. ఎరుకే అన్నాను. ఏమనాలి మరి?"

మొదటిరోజే చెప్పానని, రద్దు అన్నానని అందామనుకున్నాను.

"ఎందుకు చెప్పలేదండీ?"

"చెబితే నువ్వు నవ్వుతావని."

తను నవ్వలేదు. ఆ రోజు కాఫీ ఇస్తే అందులో చక్కెర లేకపోయినా తాగేశారు, ఏదో అయిందని అప్పుడే అనుకున్నాను అంది. అనుకుని ఊరుకున్నాను అని కూడా అంది. ఆ రెండో మాట తనలో తను అనుకున్నట్టు అంది.

లోకల్ వచ్చింది. తను లేచింది.

"పార్సిల్ మీ పేరున ఉంది. మీరే సంతకం పెట్టాలట. రండి."

అక్కడికి వెళ్ళలేనన్నాను. గేటు లోపలికి వెళ్ళక్కర్లేదంది. బాలనర్సయ్య బయటికి తెచ్చిస్తానన్నాడట, నేను ఈయన్ని తీసుకొస్తాను అని చెప్పేసిందట. అంటే బయలుదేరేముందే చెప్పిందన్నమాట, నేనిక్కడ ఉంటానో ఉండనో తెలియకుండానే. నా చెయ్యి పట్టుకుని లాగలేదు. తలుపు దగ్గర ఓ కాలు లోపలా ఓ కాలు బయటా పెట్టి నిలబడింది, వెనక జనం విసుక్కుంటున్నా.

ఎక్కాను. నెలన్నర తరవాత. గొప్పగా ఏమీ అనిపించలేదు. కమ్మీ పట్టుకుంటే ఇనుము వేడిగా ఉందని తెలిసింది.

రైలు కదిలాక ఆ పార్సిల్లో ఏముందని అడిగింది. ఇత్తడి బిళ్ళ అన్నాను. ఎందుకిస్తారని అడిగితే, యాభై ఇంజన్లు చూసినందుకు అన్నాను. మొహం చూసింది, ఇది మాటా ఆటా అని. మాటే అని చెప్పాను.

అప్పుడే పక్క లైన్లో గూడ్సు ఎదురొచ్చింది. జేబులోంచి ఫోను తీసేలోపు ఇంజను దాటిపోయింది. నాకు మొదటి మూడంకెలే దొరికాయి. మిగిలిన రెండూ కనకలక్ష్మి చెప్పింది.