ఎర్రటేపు గరిటె

నాలుగోసారి తాడు లాగినప్పుడు ఇంజిన్ తుమ్మినట్టు ఒక్క చప్పుడు చేసి ఊరుకుంది. మహమూద్ దాన్ని ఒక బూతు తిట్టాడు. పొగగొట్టం చివర బొటనవేలు అడ్డం పెట్టి తాడును జానెడు మేర రెండుసార్లు లాగాడు. సన్నని గొట్టంలో ఎర్రటి నైట్రో నూనె పాకుతూ వచ్చి కార్బురేటర్‌ను తాకింది. వేలు తీసి, ప్లగ్గుకు బ్యాటరీ తొడుగు తగిలించి, బండిని ఎడమచేత్తో బల్లకు అదిమిపెట్టి మళ్లీ లాగాడు. ఈసారి అంటుకుంది. నీలిపొగతో పాటు ఆముదం వాసన లేచింది.

మూరెడు బండి. నిమ్మకాయంత ఇంజిన్. చేతిలో రిమోటు పట్టుకుని పరిగెత్తించే పెద్దవాళ్ల బొమ్మ.

ఆ బొమ్మ గల పెద్దమనిషి శ్రవణ్ కుమార్, గద్వాలలో పత్తి విత్తనాల వ్యాపారి, స్టూలు మీద కూర్చుని ఫోను చూసుకుంటున్నాడు. ఇంజిన్ కొత్తది. రేపు ఆదివారం పందెం. వచ్చీ రాగానే అతను ఉన్నమాట చెప్పేశాడు.

"ఇది కుదిరితె మావోళ్ల ఆరు బండ్లు నీ తాననే ఉంటయి చాచా. కుదరకుంటె నన్నేమనొద్దు. సందు చివరున్న మునవ్వర్ తానికి పోతం."

"పోతె పో. నేను రమ్మని పిలిచిన్నా?" అన్నాడు మహమూద్. అన్నాడే గానీ, ఆ ఆరు బండ్లు తప్ప అతనికి వేరే గిరాకీ లేదు.

కొత్తకోటలో హైవేకి పక్కన, టైర్ల దుకాణాల వెనక సందులో అతని రేకుల ఇల్లు. ముందు పనిచేసే చోటు, దాని వెనక వంటగది. పత్తికి మందు కొట్టే పంపుల ఇంజిన్లు విప్పి బిగిస్తూ సగం జీవితం గడిపాడు. పన్నెండేళ్ల కింద ఎవరో ఒక బొమ్మకారు తెచ్చి, హైదరాబాదులో కూడా బాగుకాలేదంటే ఒక్క పూటలో పరిగెత్తించాడు. ఆ తర్వాత వనపర్తి నుంచీ, నాగర్‌కర్నూల్ నుంచీ ఇటువంటి బండ్లున్న వాళ్లంతా ఇక్కడికే వచ్చారు. ఊరిబయట ప్లాట్లు అమ్ముడుపోని వెంచరు ఒకటుంది. దాని మట్టిరోడ్ల మీద ఆదివారాలు పందేలు.

అతని పని చూడటానికే కొందరు వచ్చేవాళ్లు. కార్బురేటర్ మీద ఒక సూదిమర ఉంటుంది. కుడికి తిప్పితే నూనె తగ్గి ఇంజిన్ గొంతు పెరుగుతుంది, బండికి వేగం వస్తుంది. ఎనిమిదో వంతు ఎక్కువ తిప్పితే లోపల మాడిపోతుంది. బండిని సందులో ఈ చివరి నుంచి ఆ చివరికి తోలమనేవాడు. తను మాత్రం బండివైపు వీపు పెట్టి, ఇంటివైపు ముఖం పెట్టి నిలబడేవాడు. కన్ను వేయకుండా చెవితోనే పట్టేస్తాడని జనం ముచ్చటపడేవాళ్లు.

అదంతా అబద్ధం. పిట్టకూత, కుక్కరు విజిల్, ఇటువంటి సన్నని శబ్దాలు అతని చెవి నుంచి పోయి పదేళ్లయింది. మాటలు వినబడతాయి, లారీ హారన్లు వినబడతాయి. ఇంజిన్ గొంతు మాత్రం కొంత ఎత్తుకు ఎక్కాక మాయమైపోతుంది.

వినేది అతని భార్య బడేబీ. వంటింటి గుమ్మంలో గరిటె పట్టుకుని నిలబడేది. గరిటె పైకెత్తితే ఇంకో ఎనిమిదో వంతు తిప్పాలి. కిందికి దించితే చాలు. దూరానికి కనబడాలని గరిటె కాడకు ఎర్రటేపు చుట్టుకుంది. టేపు దండగ చేశావని అతను ఆ రోజు తిట్టాడు. మంచిమాట అనడం అతనికి రాదు, నేర్చుకోవాలని కూడా అనుకోలేదు. కడుపులో నొప్పిని ఆరునెలలు దాచుకుని ఆమె దవాఖానలో పడినప్పుడు, మంచం పక్కన నిలబడి అతను అడిగింది ఒక్కటే. ఆదివారం పందెం ఉంది, ఎప్పుడు లేస్తావని. ఆమె లేవలేదు. అది జరిగి ఏడాదిన్నర. చెప్పకుండా పోయిందని అతనికి ఇప్పటికీ కోపమే.

అప్పటినుంచి పొగ చూసి, ఇంజిన్ తలమీద ఉమ్మి ఎంతసేపట్లో ఆరిపోతుందో చూసి నెట్టుకొస్తున్నాడు. రెండు ఇంజిన్లు మాడాయి. ఒకదానికి నూనె కల్తీ అన్నాడు. ఇంకోదానికి బండిగలవాడికి తోలడం రాదన్నాడు.

ఇవాళ పొద్దున స్క్రూడ్రైవర్ మొన ఇంజిన్‌కు ఆనించి, శబ్దం ఎముకలోంచైనా తెలుస్తుందేమోనని పిడిని పళ్లతో కరిచిపట్టి చూశాడు. దవడ అదిరింది తప్ప తెలిసిందేమీ లేదు. ఆ తర్వాత ఎడమ దవడ లాగుతూనే ఉంది.

"తోలు సేటూ."

బండి వెళ్లి వచ్చింది. ఎనిమిదో వంతు తిప్పాడు. మళ్లీ వెళ్లి వచ్చింది. హైవే మీది గాలికి పొగ నిలవడం లేదు. ఉమ్మి వేశాడు, ఆరింది. మూడు లెక్కపెట్టేలోపా, నాలుగు లెక్కపెట్టేలోపా? సరిగ్గా పట్టలేకపోయాడు. ఇంకో ఎనిమిదో వంతు తిప్పి, అలవాటు కొద్దీ వీపు తిప్పి నిలబడ్డాడు. ఎదురుగా ఖాళీ గుమ్మం.

ఖాళీగా లేదు. గుమ్మంలో మునవ్వర్ నిలబడి ఉన్నాడు.

చెల్లెలి కొడుకు. ఇక్కడే పని నేర్చి, ఆరేళ్ల కింద చెప్పకుండా సందు చివర సొంత దుకాణం తెరిచాడు. వేడి కొలిచే మిషను కొన్నాడు. మాటలు అప్పుడే తెగిపోయాయి. బడేబీ జనాజాకు వచ్చి సలాం చేస్తే మహమూద్ ముఖం తిప్పుకున్నాడు. అటువంటివాడు ఇంజిన్ అరుపు విని వచ్చి, వెనక వాకిలి నుంచి వంటగదిలోకి చొరబడి, మేకుకున్న గరిటె తీసి పట్టుకున్నాడు. దాన్ని కిందికి దించి చూపిస్తున్నాడు.

మహమూద్‌కు ఒళ్లు మండిపోయింది. ఆమె నిలబడిన చోట నిలబడ్డాడు. ఆమె పట్టినట్టే పట్టాడు. అంటే వీడికి తెలుసు.

బండి వచ్చి కాళ్ల దగ్గర ఆగింది. మహమూద్ వంగి, సూదిమరను కుడికి ఇంకో ఎనిమిదో వంతు తిప్పాడు.

మునవ్వర్ గరిటెను ఇంకా కిందికి, మోకాళ్ల దాకా దించాడు.

"తోలు," అన్నాడు మహమూద్.

సందు మధ్యలో బండి కీచుమంది. టైర్ల దుకాణం వాళ్లు చెవులు మూసుకున్నారు. మహమూద్‌కు మాత్రం ఏమీ వినబడలేదు. బండి ఒక్కసారి పట్టేసినట్టు ఆగి, పల్టీకొట్టి వెల్లకిలా పడింది. శ్రవణ్ కుమార్ పరుగెత్తి తెచ్చాడు. తాడు లాగితే కదల్లేదు. పిస్టన్ బిగుసుకుపోయింది. సేటు ముఖం ఎర్రబడింది. నోరు తెరిచేలోపు మునవ్వర్ గుమ్మం దిగి వచ్చాడు.

"ప్లగ్గు కరాబుంది సేటూ. మామూ తప్పేం లేదు. ఎవరు పట్టినా గిట్లనే అయితుండె. రేపటికి నా తానున్న ఇంజిన్ ఎక్కిస్త, తీస్కరా."

సేటు ఇద్దరినీ మార్చి మార్చి చూసి, బండిని చంకలో పెట్టుకుని సందు చివరికి నడిచాడు. ఆరు బండ్లూ అతని వెంటే పోయినట్టు. దానికన్నా మునవ్వర్ తనను కాపాడటం మహమూద్ తట్టుకోలేకపోయాడు.

"నీకెప్పటిసంది తెల్సు?"

"పనిల చేరిన యాడాదే. ఎవ్వరికి చెప్పొద్దని మామి ఒట్టేయించుకున్నది. నేన్జెప్పలే."

"దానికి తెల్సా, నీకు తెల్సని?"

"తెల్సు."

ఇన్నేళ్లూ ఇద్దరూ కలిసి, తనకే తెలియకుండా, తన గుట్టు దాచిపెట్టారు. మహమూద్ మేకువైపు వేలు చూపించాడు.

"గంటె ఆడ పెట్టి పో."

"మామూ, ఒక్కపారి చెవుల డాక్టరుకు చూపిద్దాం, నేను తోల్కపోత..."

"గంటె పెట్టు. నా గడప మల్ల తొక్కకు. నేను సచ్చినా రాకు."

మునవ్వర్ గరిటెను మేకుకు తగిలించి, వచ్చిన దారినే వెళ్లిపోయాడు.

మహమూద్ చేతులు కడుక్కున్నాడు. పొద్దుటి అన్నం అలాగే ఉంది, ముట్టలేదు. దవడ నొప్పి భుజంలోకి దిగింది. స్క్రూడ్రైవర్ కరవడం వల్లేనని దాన్ని విసిరి మూలకు కొట్టాడు. నూనె డబ్బాకు మూత బిగించాడు. పనిముట్లు తుడిచి వరసలో పెట్టాడు. కుర్చీని వంటింటి గుమ్మానికి ఎదురుగా లాక్కుని కూర్చున్నాడు. అక్కడ చూడటానికేమీ లేదు. అయినా చూశాడు.

నాలుగింటికి సందు మొదట్లో చాయ్ అమ్మే జంగమ్మ రోజూలాగే గ్లాసు తెచ్చింది. కండ్లు తెరుచుకుని పలకకుంటే ఎట్లని కసురుకుంది. గ్లాసు బల్లమీద పెట్టి భుజం తట్టింది. మహమూద్ తల పక్కకు ఒరిగింది. ఆమె గట్టిగా అరవలేదు. బయటికి వచ్చి, సందు చివరికి నడిచి, మునవ్వర్‌ను పిలుచుకొచ్చింది.

రావద్దన్న గడప తొక్కి మునవ్వర్ వచ్చాడు. మామ కళ్లు మూశాడు. టైర్ల దుకాణం వాళ్లను నలుగురిని పిలిచి మామను లోపలి మంచం మీదికి మార్పించాడు.

చాయ్ మీద మీగడ కట్టింది. వంటింటి గుమ్మం పక్కన మేకుకు గరిటె వేలాడుతోంది. కాడ మీది ఎర్రటేపు ఒక కొస ఊడి, హైవే గాలికి కొట్టుకుంటోంది. గరిటె మాత్రం కిందికి దించే ఉంది.