వెనక షట్టర్

బట్టలు కుట్టే యూనిట్ కిటికీల్లోంచి నల్లటి పొగ ఎగదన్నుతోంది. రోడ్డు మీద నిలబడ్డ అక్కకి కాళ్లు ఆగడం లేదు. చెల్లెలు లోపలే ఉంది.

ముందు తలుపు బార్లా తెరిచే ఉంది. మేనేజరూ గుమాస్తాలూ అందులోంచి ఎప్పుడో బయటపడ్డారు. కుట్టేవాళ్లు మాత్రం ఒక్కరూ రాలేదు.

“తలుపు తీసే ఉందిగా, వీళ్లకేం మాయరోగం?” అన్నాడు వాచ్‌మన్.

ఆ మాటతో అక్క ఉలిక్కిపడింది. ఆమె చదివింది సమాజశాస్త్రం. మనుషులు రోజూ ఏ దారిన నడుస్తారు, ఎందుకు నడుస్తారు అన్నదే ఆమె పరిశోధన. పోయిన నెల ఈ యూనిట్‌కే వచ్చి కూర్చుంది. “మేమెటు నుంచి వస్తామో రాసుకుంటే జీతమిస్తారా అక్కా? మా పనికంటే నీదే నయం!” అని చెల్లెలు పడీపడీ నవ్వింది కూడా.

కుట్టేవాళ్లు ముందు గడప తొక్కరు. వద్దని బోర్డు లేదు, ఎవరూ చెప్పనూ లేదు. కొత్తవాళ్లు పాతవాళ్ల వెంట వెనక షట్టర్లోంచి వస్తారు, అంతే. ప్రాణం మీదికొస్తే మనిషి దగ్గరి దారి వెతకడు, తెలిసిన దారికే పరిగెడతాడు.

అక్క అప్పుడే వచ్చి ఆగిన ఫైరింజన్ దగ్గరికి పరిగెత్తింది. “సార్, వెనక వైపుకి రండి! అందరూ షట్టర్ దగ్గరుంటారు!”

“జరగమ్మా,” అన్నాడు ఫైర్ ఆఫీసర్. “పని వేళల్లో దానికి బయట తాళం వేస్తారట. తాళమున్న చోటికి ఎవరు పోతారు?”

“ఆ సంగతి లోపలివాళ్లకి తెలియదు సార్! వచ్చేటప్పుడూ పోయేటప్పుడూ అది తెరిచే ఉంటుంది. నా మాట తప్పయితే తర్వాత తిట్టండి!”

ఆఫీసర్ తటపటాయించాడు. విసుక్కుంటూనే ఇద్దరికి గొడ్డళ్లిచ్చి పంపాడు. వాళ్లకంటే ముందు అక్క పరిగెత్తింది. షట్టర్‌కి చెవి ఆనించింది. చప్పుడు లేదు. పొరబడ్డానా? ఉన్న మనుషుల్ని అనవసరంగా ఇటు లాక్కొచ్చానా? పిడికిళ్లతో రేకు బాదింది.

లోపల్నుంచి ఎవరో నీరసంగా తిరిగి కొట్టారు.

తాళం విరిగింది. షట్టర్ లేవగానే పొగతో పాటు ఆడవాళ్లు ఒకరి మీద ఒకరు పడుతూ బయటికొచ్చారు. వాళ్లలో చెల్లెలు లేదు. అక్క పొగలోకి తొంగి చూసింది. అంతలో, స్పృహ తప్పిన ఒక ముసలామెను భుజాలు పట్టి ఈడ్చుకుంటూ చెల్లెలు గడప దాటింది.

అక్క చెల్లెల్ని వాటేసుకుని కుదిపేసింది. “ముందు తలుపు తీసే ఉంది కదే! అటు రావచ్చు కదే!”

చెల్లెలు దగ్గాపుకుని అయోమయంగా చూసింది.

“ఏ తలుపు?”