అతిథి రచయిత జ్ఞానదాసు

గోపాలపట్నంలో ఆ బ్లాగు ఆఫీసు మూడో అంతస్తు. ఎక్కేసరికి జ్ఞానదాసుకు ఆయాసం వచ్చింది. పోర్టులో బొగ్గు దించే పని అతనిది. ఈ పూట ఎగ్గొట్టాడు. ఆరువందల యాభై పోయినట్టే.

తన సెల్లు తీసి సాయిశంకర్ ముందు బల్లమీద పెట్టాడు. బ్లాగు నడిపేది ఆ కుర్రాడే. తెరమీద అతని భార్య జయమణి ఫొటో, కింద జ్ఞానదాసు పేరు. పైన ఎర్రక్షరాలు: ‘షుగర్‌ను ఓడించిన నా జయమణి. ఇప్పుడు రోజూ బీచ్‌లో నడుస్తోంది.’

"ఇది నాను రాయలేదు బాబూ."

"మీరు పంపిందే బాబాయ్. కొద్దిగా ఎడిట్ చేశాం."

"సచ్చిపోనాదని రాసినాను. ఎడిట్ సేత్తే బతికీసిందేటి?"

పక్క బల్ల దగ్గర ఎవరో కిసుక్కున నవ్వారు.

షుగరు జబ్బు తగ్గిస్తుందని ఆ బ్లాగు కంపెనీ అమ్మే పొడి, డబ్బా పన్నెండు వందలు. ఆహ్వానం డబ్బా మీదే ఉంది: ‘మా బ్లాగుకు అతిథి రచయితలు కావాలి. మీ అనుభవం రాయండి. మీ పేరుతో, ఫొటోతో వేస్తాం.’ ఆ పొడి వాడి ఇన్సులిన్ మానేశానని ఎవరో అతిథి రచయిత రాస్తే జయమణి చదివి, తానూ మానేసింది. పదకొండో రోజు ఆసుపత్రికి తీసుకెళ్తుంటే ఆటోలో పోయింది.

జ్ఞానదాసు ఊళ్లో ఏడో తరగతి చదివాడు. అచ్చయిందల్లా నిజమని అక్కడ నేర్చుకున్నాడు. భార్య పోయాక కూడా ఆ బుద్ధి పోలేదు. కొనేవాళ్లు చూసేది ఆ బ్లాగే గనక నిజం అక్కడే పడాలనుకున్నాడు. మూడు ఆదివారాలు చర్చి మానేసి నాలుగు పేజీలు రాశాడు. వాటిని ఫొటోలు తీసి, జయమణి ఫొటోతో కలిపి పంపాడు.

"తీసెయ్యండి."

"కుదరదు. పంపిన వ్యాసం కంపెనీది. షరతులకు మీరే ఓకే నొక్కారు." సాయిశంకర్ గొంతు తగ్గించాడు. "ఇరవై ఆరు వేలమంది చదివారు బాబాయ్. ఇంత బాగా ఆడిన వ్యాసం ఇంకోటి లేదు. మరోటి రాయండి, రెండు వేలు ఇప్పిస్తాను."

కుర్రాడి ముఖంలో సిగ్గేమీ లేదు. అతని జీతం కూడా ఎంతమంది కొన్నారన్న లెక్కమీదే.

"రాయను," అన్నాడు జ్ఞానదాసు.

అతను తిరిగొచ్చేసరికి జాలరిపేటలో అతని గుమ్మం ముందు నూకాలు చేపల తట్ట దించుకుని కూర్చుంది. జయమణిని వదినా అని పిలిచేది. తట్టలో కానాగంత చేపల పక్కన అదే పొడి డబ్బా.

"నీ రాత మా కోడలు సదివింది దాసన్నా. నానూ సూదులు మానీసినాను. నాల్రోజులైంది."

జ్ఞానదాసు గుమ్మంలో ఆమె ఎదురుగా కూర్చున్నాడు. "అది అబద్ధం నూకాలూ. మీ వదిన్ని పాతిపెట్టినపుడు నువ్వు లేవేటి?"

"ఉన్నాను. గుండాగి పోనాదన్నారు గదా. నడిసినప్పుడు రాసినావనుకున్నాను."

"పోయినాకే రాసినాను."

"పోయినాక నడుత్తందని రాత్తారేటి, పిచ్చోడా!" నూకాలు జాలిగా చూసింది. "దుఃఖంలో ఏటేటో అంటన్నావు. సూదులకి నెలకి పద్దెనిమిదొందలు. నాకాడున్నాయేటి? రాసింది రాసినట్టే ఉండనీ."

అతను పొయ్యిలోంచి బొగ్గుముక్క తెచ్చాడు. సున్నం వేసిన తన గోడమీద చేతికందినంత పెద్దగా రాశాడు. ‘జయమణి పొడి తిని చచ్చిపోయింది. ఇన్సులిన్ మానొద్దు. జ్ఞానదాసు.’

"ఏటి రాసినావు?"

"సదివించుకో. నా నోటిమాట నమ్మవు గదా."

"కోడలు సాయంత్రం గాని రాదు." నూకాలు చుట్టకుదురు తలకెత్తుకుంది. "సెయ్యెయ్యి అన్నయ్యా, ఎండెక్కిపోతంది, సేపలు పాడైపోతాయి."

జ్ఞానదాసు బొగ్గు చేతులతో తట్ట ఆమె తలమీదికి ఎత్తాడు. డబ్బా అందులోనే ఉంది. ఒక చెయ్యి దాని మీద వేసి ఉంచాడు; డబ్బా బయటికి తియ్యలేదు, వదల్లేదు.

"ఒగ్గు," అంది నూకాలు.